గీసిన లైన్ చెరపాలంటే చెయ్యి రావడం లేదు: మెట్రో ఆట మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆట గురించి. మినీ మెట్రో. ఆడనివాళ్ల కోసం ముందుగా నాలుగు మాటల్లో చెప్పేస్తాను, లేకపోతే కింది జవాబులు అందవు. ఖాళీ తెర మీద ఒక గుండ్రం, ఒక త్రికోణం, ఒక చతురస్రం కనిపిస్తాయి, అవే స్టేషన్లు. వేలితో వాటిని కలుపుతూ గీత లాగితే అది మెట్రో లైన్ అవుతుంది, దాని మీద చిన్న రైలు తిరగడం మొదలుపెడుతుంది. స్టేషన్ పక్కన బుల్లి బుల్లి ఆకారాలు వచ్చి నిలబడతాయి, వాళ్లు ప్రయాణికులు. త్రికోణం ఆకారంలో ఉన్న ప్రయాణికుడు ఏదో ఒక త్రికోణం స్టేషన్ చేరితే చాలు, ఫలానా త్రికోణమే కావాలని పట్టుబట్టడు. కాసేపటికి కొత్త స్టేషన్లు పుట్టుకొస్తాయి, నగరం పెరుగుతుంది, జనం పెరుగుతారు, మన చేతిలో ఉన్న లైన్లూ రైళ్లూ మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఏదైనా స్టేషన్‌లో పట్టనంత మంది నిలబడితే దాని చుట్టూ ఒక వలయం నిండుతూ వస్తుంది, అది పూర్తిగా నిండేలోపు జనం తగ్గకపోతే ఆట అయిపోయినట్టే. కింద వారం, రోజు, ఆదివారం అన్నవన్నీ ఆటలోని గడియారం లెక్కవే. నేను దీన్ని చాలా కాలంగా ఆడుతున్నాను, ఇష్టంగా ఆడుతున్నాను, కాబట్టి జవాబులు కాస్త పొడుగవుతాయి.

ప్రశ్న: మొదటి ఐదారు వారాలు హాయిగా సాగుతుంది. తర్వాత ఒక్కసారిగా మూడు నాలుగు స్టేషన్లు నిండిపోతాయి. ఇంకో రైలు వేసినా తగ్గదు. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. పసుపు లైన్ మీద వరసగా ఐదు గుండ్రాలున్నాయి, గొడవంతా అక్కడ మొదలైంది. గుండ్రం స్టేషన్‌కి వచ్చేవాడికి ఇంకో గుండ్రంతో పని లేదు కదా, అతనికి త్రికోణమో చతురస్రమో కావాలి. ఇంజిన్‌లో 6 మందికే చోటు. మొదటి గుండ్రం దగ్గర ఇద్దరు ఎక్కారనుకోండి, రెండో గుండ్రం దగ్గర ఎవరూ దిగరు, ఇంకో ఇద్దరు ఎక్కుతారు, మూడో దాని దగ్గరా అంతే, ఆరు సీట్లూ నిండిపోయాయి. నాలుగో స్టేషన్ వాళ్లూ ఐదో స్టేషన్ వాళ్లూ రైలు వచ్చి, ఆగి, తమని ఎక్కించుకోకుండానే వెళ్లిపోవడం చూస్తూ నిలబడతారు. మీరు ఇంకో రైలు వేస్తే అదీ మూడో గుండ్రం దాకా వచ్చేసరికి నిండుతుంది. అందుకే రైళ్లు పెంచినా ఫలితం కనబడలేదు.

అదే లైన్‌లో గుండ్రం, త్రికోణం, గుండ్రం, చతురస్రం, ఇలా ఆకారాలు మారుతూ వెళ్తే ప్రతి రెండో స్టేషన్‌లో కొంతమంది దిగుతారు, దిగినచోటే కొత్తవాళ్లు ఎక్కుతారు, ఆ ఆరు సీట్లే పదిహేను మందికి పనికొస్తాయి. లైన్ గీసేటప్పుడు అందరూ దూరం చూస్తారు, దగ్గరున్న రెంటినీ కలిపేస్తారు. కాస్త చుట్టు తిరిగినా సరే, ముందు ఆకారం చూడండి. గుండ్రాలు ఎక్కడైనా ఎక్కువే పుడతాయి, చతురస్రాలు తక్కువ, అందుకే మీ దగ్గరున్న ప్రతి చతురస్రం మీదుగా కనీసం రెండు లైన్లు వెళ్లేలా చూసుకోండి.

ఇంకో సంగతి. ఒక్కసారిగా నిండిపోయిందని మీకు అనిపిస్తోంది కానీ అది రెండు వారాల ముందే మొదలై ఉంటుంది. ఒక ప్రయాణికుడు దారిలో రెండుసార్లు రైలు మారాల్సి వస్తే అతను మూడు స్టేషన్లలో నిలబడతాడు, ఎక్కిన చోట ఒకసారి, మారిన రెండు చోట్లా రెండుసార్లు. అంటే ఒక మనిషే ముగ్గురి చోటు తింటున్నాడు. నగరం చిన్నగా ఉన్నప్పుడు ఇది కనబడదు. జనం పెరిగాక, మారే స్టేషన్ ఒక్కటే ఉంటే, ఎక్కడెక్కడి వాళ్లూ వచ్చి అక్కడే పోగవుతారు. నక్షత్రం, ప్లస్ గుర్తు లాంటి అరుదైన ఆకారాలు వచ్చాక మరీ కష్టం, ఎందుకంటే మ్యాప్ మొత్తం మీద ఆ నక్షత్రం ఒక్కటే, అన్ని మూలల నుంచీ దానికే రావాలి. అలాంటి స్టేషన్ పుట్టిన క్షణంలోనే పాజ్ నొక్కి, ప్రతి లైన్ నుంచీ ఒక్క మార్పుతో అక్కడికి చేరొచ్చా లేదా అని వేలితో వెతికి చూసుకోండి. నేను ఓడిపోయిన ఆటల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క పని వాయిదా వేసినవే.

ప్రశ్న: ఆదివారం వచ్చినప్పుడల్లా బోగీ తీసుకోవాలా, కొత్త లైన్ తీసుకోవాలా అని టెన్షన్. ఏది మంచిది?

ప్రతి వారం ఒక ఇంజిన్ ఇస్తారు, దానికి తోడు రెండు వస్తువులు చూపించి ఒకటి ఎంచుకోమంటారు. మొదటి నాలుగు వారాల్లో కొత్త లైన్ కనబడితే నేను ఇంకేమీ ఆలోచించను, తీసేసుకుంటాను. లైన్ ఉంటే మార్పులు తగ్గుతాయి, మార్పులు తగ్గితే జనం తగ్గుతారు, పైన చెప్పిన లెక్కే.

ఆ తర్వాత మాత్రం రైలు వెళ్లిపోయాక స్టేషన్ ఎలా ఉందో చూసి నిర్ణయించండి. రైలు వచ్చి అందరినీ ఎక్కించుకుని వెళ్లింది కానీ మళ్లీ రావడానికి బాగా ఆలస్యం అవుతోందంటే ఆ లైన్‌కి ఇంకో ఇంజిన్ కావాలి. రైలు తొందరగానే వస్తోంది కానీ వెళ్లిన ప్రతిసారీ కొందరు మిగిలిపోతున్నారంటే బోగీ కావాలి, ఒక్క బోగీతో ఇంకో 6 సీట్లు వస్తాయి. బోగీ వల్ల రైలు త్వరగా రాదు, ఒకసారికి ఎక్కువ మందిని మోస్తుంది, అంతే. ఈ రెంటినీ కలిపేసుకుని పొడుగాటి లైన్ మీద ఒకే రైలుకి రెండు బోగీలు తగిలించేవాళ్లని చూశాను, చివరి స్టేషన్ వాళ్ల గతి మారదు.

సొరంగాలు చేతిలో ఒక్కటైనా మిగిలి ఉండేలా చూసుకోండి. నది అవతల కొత్త స్టేషన్ పుట్టి, దాటడానికి సొరంగం లేకపోతే వచ్చే ఆదివారం దాకా అది ఒంటరిగా నిండుతూ కూర్చుంటుంది.

ప్రశ్న: ఇంటర్‌చేంజ్ ఎక్కడ పెట్టాలి?

మామూలు స్టేషన్‌లో 6 మంది నిలబడొచ్చు, దాన్ని పెద్దది చేసే ఇంటర్‌చేంజ్ పెడితే 18 మంది. మూడు లైన్లు కలిసే చోట, అందులోనూ అరుదైన ఆకారం ఉన్న స్టేషన్ అయితే అక్కడే పెట్టండి. నిండిపోతున్న స్టేషన్ కనబడగానే కంగారుగా దానికి పెట్టేయకండి, చాలాసార్లు ఆ స్టేషన్ నిండడానికి కారణం పక్క లైన్‌లో ఉంటుంది.

ప్రశ్న: లైన్‌ని రింగులా మూసేస్తే మంచిదా, రెండు చివరలతో వదిలేస్తే మంచిదా? నేనూ మా అన్నయ్యా దీని మీద రోజూ వాదించుకుంటున్నాం. తీర్పు చెప్పండి. (డిగ్రీ విద్యార్థిని)

లెక్క వేసుకుందాం. ఆరు స్టేషన్లున్నాయి, ఒక్కటే రైలు. రెండు చివరల లైన్ అయితే మధ్యలో ఐదు ముక్కలు, వెళ్లి రావాలంటే పది. చివర నిలబడ్డవాడికి రైలు పది ముక్కలు తిరిగొస్తే గానీ దొరకదు. మధ్య స్టేషన్లకి మాత్రం వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి దొరుకుతుంది. అదే ఆరు స్టేషన్లనీ రింగు చేస్తే మొత్తం ఆరు ముక్కలు, ఏ స్టేషన్‌కైనా ఆరు ముక్కలకోసారి రైలు. అంటే మధ్యవాళ్లకి పెద్ద తేడా లేదు, చివరి ఇద్దరికి ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. ఇది ఆ చివరా ఈ చివరా ఎంత దూరంలో ఉన్నాయన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది, మూయడానికి మ్యాప్ అడ్డంగా దాటాల్సి వస్తే, మధ్యలో నదికి సొరంగం కూడా ఖర్చయితే, మూయొద్దు.

రింగుతో ఇబ్బంది కూడా ఉంది. రైలు ఒకవైపే తిరుగుతుంటే, వెనక స్టేషన్‌కి వెళ్లాల్సినవాడు చుట్టూ తిరిగి వస్తాడు, అంతసేపూ సీటు ఆక్రమించుకునే ఉంటాడు. రెండో రైలు ఎదురు దిశలో తిరిగితే ఆ బాధ తీరుతుంది. అందుకని నా తీర్పు ఇది: రెండు రైళ్లు ఇవ్వగలిగితే రింగు, ఒక్కటే ఉంటే నాలుగైదు స్టేషన్ల పొట్టి లైన్.

నిజం మెట్రోల్లో కూడా ఈ వాదన ఉంది, మీ ఇద్దరికీ నచ్చుతుందని చెబుతున్నాను. లండన్‌లో సర్కిల్ లైన్ చాలా ఏళ్లు అచ్చంగా రింగే. చివరి స్టేషన్ అంటూ లేకపోవడంతో ఒక రైలు ఆలస్యమైతే కాసేపు ఆగి టైమ్ సరిచేసుకునే చోటు ఉండేది కాదు, ఆ ఆలస్యం అలా తిరుగుతూనే ఉండేది. 2009 డిసెంబర్‌లో ఆ రింగుని విప్పేశారు. ఇప్పుడు రైళ్లు హామర్‌స్మిత్ నుంచి బయల్దేరి, చుట్టూ తిరిగి, ఎడ్జ్‌వేర్ రోడ్ దగ్గర ఆగిపోతాయి. పేరు సర్కిల్ లైనే, మ్యాప్ మీద మాత్రం తోక ఉన్న సున్నాలా ఉంటుంది. మాస్కోలో ఇందుకు భిన్నంగా, 1954లో పూర్తయిన రింగు ఇప్పటికీ రింగుగానే నడుస్తోంది, పైగా దాని బయట దాదాపు 70 కిలోమీటర్ల ఇంకో పెద్ద రింగు 2023లో పూర్తి చేశారు. అక్కడ రింగు వల్ల లాభం ఏమిటంటే, నగరం నడిబొడ్డు నుంచి బయటికి పోయే లైన్లన్నిటినీ అది అడ్డంగా కోస్తుంది, ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మారాలంటే నడిబొడ్డుకి వెళ్లి అక్కడి రద్దీ పెంచక్కర్లేదు. ఆటలో కూడా రింగుని ఇలా వాడి చూడండి. చుట్టూ తిరగడానికని కాకుండా మిగతా లైన్లని కోయడానికని గీస్తే దాని సత్తా తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో రింగు వైపు కొంచెం మొగ్గుతున్నాను.

ప్రశ్న: ఇలాంటి ఆట ఎవరికి తట్టింది? లైన్లన్నీ నిటారుగా, అడ్డంగా, ఐమూలగా మాత్రమే ఎందుకు వంగుతాయి?

న్యూజీలాండ్‌కి చెందిన పీటర్ కర్రీ, రాబర్ట్ కర్రీ అనే అన్నదమ్ములకి. 2013 ఏప్రిల్‌లో లూడమ్ డేర్ అనే పోటీ జరిగింది. రెండు మూడు రోజుల్లో, ఇచ్చిన అంశం మీద, మొదటి నుంచీ ఆట తయారుచేసి చూపించాలి. ఆసారి ఇచ్చిన అంశం మినిమలిజం, అంటే అక్కర్లేనిదంతా తీసేసి వీలైనంత తక్కువతో సరిపెట్టడం. వాళ్లు మెట్రో మ్యాప్‌ని పట్టుకున్నారు. ఆ చిన్న నమూనా పెరిగి, డైనోసార్ పోలో క్లబ్ అనే సంస్థ పేరుతో 2015 నవంబర్‌లో కంప్యూటర్లకి పూర్తి ఆటగా వచ్చింది, 2016లో మొబైల్‌కి వచ్చింది. ఇదే సంస్థ తర్వాత రోడ్లతో మినీ మోటర్‌వేస్ అనే ఆట కూడా చేసింది.

మీ రెండో ప్రశ్నకి జవాబు ఇంకా వెనక్కి, 1931కి వెళ్తుంది. హ్యారీ బెక్ అని లండన్ అండర్‌గ్రౌండ్‌లో పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్. అప్పటి మ్యాప్‌లు ఊరి మ్యాప్ మీదే లైన్లు గీసినట్టుండేవి, నడిమధ్య స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి చదవడానికి వీలయ్యేది కాదు, శివార్లలో మాత్రం బోలెడు ఖాళీ. బెక్ ఆలోచన ఏమిటంటే, భూమి కింద వెళ్లేవాడికి పైన రోడ్డు ఎలా వంకర తిరిగిందో ఎందుకు, ఏ స్టేషన్ తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ మారాలి, ఈ రెండూ తెలిస్తే చాలు కదా అని. అందుకే దూరాలు వదిలేశాడు. అన్ని లైన్లనీ నిటారుగా, అడ్డంగా, 45 డిగ్రీల ఐమూలగా మాత్రమే గీశాడు, ఎలక్ట్రికల్ సర్క్యూట్ బొమ్మలాగా. మొదట పై అధికారులు ఒప్పుకోలేదు. 1933లో జేబు మ్యాప్‌గా అచ్చువేసి జనం చేతికిచ్చి చూస్తే వాళ్లకి నచ్చేసింది. ఇప్పుడు ఎన్నో దేశాల మెట్రో మ్యాప్‌లు ఆ పద్ధతిలోనే ఉంటాయి. ఆటలో మీ వేలు ఎంత వంకరగా లాగినా గీత 45 డిగ్రీలకి సర్దుకోవడం ఆ మ్యాప్‌ పుణ్యమే. నదిని కూడా చూడండి, అదీ అలాగే ఐమూలగా వంగుతుంది.

నాకు బాగా నచ్చేది ఏమిటంటే, బెక్ బొమ్మ ప్రయాణికుడు చూడటానికి గీసినది, ఈ అన్నదమ్ములు దాన్ని తిప్పి మన చేతికిచ్చి, ఇప్పుడు నువ్వు గీయి, వాళ్లు నిలబడి ఉన్నారు అన్నారు. తెర మీద ఒక్క మనిషి బొమ్మ లేదు. అయినా ఏడో త్రికోణం వచ్చి నిలబడగానే అయ్యో అనిపిస్తుంది.

ప్రశ్న: ఆటలో సంగీతం ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తోంది. నా భ్రమా?

భ్రమ కాదు. డిజాస్టర్‌పీస్ అనే పేరుతో పనిచేసే రిచ్ వ్రీలాండ్ దీనికి ధ్వని సమకూర్చారు. ముందే రికార్డు చేసిన పాటని మళ్లీ మళ్లీ వేయడం కాకుండా, మీ స్టేషన్లూ రైళ్లూ ప్రయాణికులూ చేసే పనుల నుంచే స్వరాలు పుడతాయి. మీ నగరం మీదే, దాని శబ్దం కూడా మీదే. ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో 2016లో ధ్వనికి అవార్డు కూడా వచ్చింది. ఒకసారి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి, రద్దీ పెరగడం చెవికే తెలుస్తుంది.

ప్రశ్న: నాకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగ్గా తెలియదు. ఆడగలనా?

ఆడగలరు. సెట్టింగ్స్‌లో రంగుల తేడా కనబడనివాళ్ల కోసం ప్రత్యేక మోడ్ ఉంది, ఆన్ చేసుకోండి. చీకట్లో ఆడేవాళ్లకి నైట్ మోడ్ కూడా ఉంది. ప్రయాణికులకి ఎలాగూ ఆకారాలే గుర్తు కాబట్టి ఆటలో సగం రంగుతో సంబంధం లేకుండానే నడుస్తుంది.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ చదవబోతున్నాను. నిజంగా మెట్రో డిజైన్ చేసేవాళ్లు ఇలాగే ఆలోచిస్తారా?

కొంతవరకు. ఎక్కువ మార్పులు ఉండకూడదు, రైళ్ల మధ్య ఎడం తక్కువుండాలి, ఒక్క స్టేషన్ మీదే భారం పడకూడదు, ఇవన్నీ అక్కడా ఉన్నవే. రైళ్లు గుంపుకట్టడం కూడా నిజమే. ఆటలో ఒకే లైన్ మీద రెండు రైళ్లు వేశారనుకో, మొదట సమాన దూరంలో ఉంటాయి. ఒక స్టేషన్‌లో జనం ఎక్కువున్నారు, ముందు రైలు వాళ్లందరినీ ఎక్కించుకునేసరికి ఆలస్యం అయింది, ఆలస్యం అయ్యేసరికి తర్వాతి స్టేషన్‌లో ఇంకా ఎక్కువ మంది పోగయ్యారు, అక్కడ ఇంకా ఆలస్యం. వెనక రైలుకి ఎక్కేవాళ్లే మిగలరు, అది చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ఇక రెండూ జంటగా తిరుగుతాయి, నువ్వు రెండు రైళ్లు పెట్టావు, పని ఒక్కదానిదే జరుగుతోంది. బస్సులతో రోజూ జరిగేది కూడా ఇదే. ఆటలో అయితే పాజ్ చేసి ఒక రైలుని తీసి లైన్‌కి అవతలి కొసన వేసెయ్, సరిపోతుంది. నిజంగా అయితే అలా ఎత్తి పెట్టలేరు కాబట్టి ముందు రైలుని తొందరగా కదిలించడం, వెనకదాన్ని కావాలని కాసేపు ఆపడం చేస్తారు.

ఇక తేడా ఎక్కడంటే, ఆటలో గీసిన లైన్ ఒక్క క్షణంలో చెరిపేస్తాం. తవ్విన సొరంగాన్ని ఎవరూ చెరపలేరు. లండన్‌లో 1863లో ప్యాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ దాకా ప్రపంచంలోనే మొదటి భూగర్భ రైలు మార్గం తెరిచారు, ఆ దారిలో ఈరోజుకీ రైళ్లు తిరుగుతున్నాయి. నూట అరవై ఏళ్లు దాటిన నిర్ణయం అది. నిజం ఇంజినీర్ అనుభవం కొంచెమైనా తెలియాలంటే ఎక్స్‌ట్రీమ్ మోడ్‌లో ఆడు, అక్కడ ఒకసారి వేసిన లైన్ మార్చడానికి వీల్లేదు.

నీకు పనికొచ్చే ఇంకో ముచ్చట. 2010లో జపాన్ శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఫైసారమ్ అని బంక బూజు ఒకటుంది, మెదడు లేదు, ఒకే కణం, తిండి వెతుక్కుంటూ పాకుతుంది. టోక్యో చుట్టుపక్కల నగరాలు మ్యాప్‌లో ఎక్కడున్నాయో ఒక పళ్లెంలో సరిగ్గా అక్కడక్కడ ఓట్స్ పలుకులు పెట్టి, టోక్యో ఉన్న చోట ఆ బూజుని వదిలారు. అది మొదట అన్ని వైపులా పరుచుకుంది, తర్వాత పనికిరాని దారులు ఒక్కొక్కటీ సన్నబడి పోయాయి, పనికొచ్చేవి లావెక్కాయి. దాదాపు ఒక రోజులో మిగిలిన దారుల అల్లిక టోక్యో చుట్టూ ఉన్న రైలు మార్గాలతో పోల్చదగ్గ సామర్థ్యంతో వచ్చింది. ముందు ధారాళంగా గీయడం, తర్వాత వాడని దాన్ని వదిలేయడం, అది చేసింది ఇంతే. ఇది చదివిన రోజు నుంచీ నా ఆట తీరు మారింది, ఎలా మారిందో చివరి జవాబులో చెబుతాను.

ప్రశ్న: రిటైరయ్యాక కాలక్షేపానికి మొదలుపెట్టాను. స్టేషన్ చుట్టూ ఆ వలయం నిండుతుంటే గుండె దడగా ఉంటోంది. మానేయమంటారా?

మానేయకండి సార్, మోడ్ మార్చుకోండి. ఎండ్‌లెస్ మోడ్‌లో స్టేషన్ నిండినా ఆట ఆగదు, ఎంత బాగా నడుస్తోందో చూసుకుంటూ మీ ఇష్టం వచ్చినంతసేపు సర్దుకోవచ్చు. క్రియేటివ్ మోడ్‌లో అయితే స్టేషన్లు కూడా మీరే పెట్టుకోవచ్చు. మామూలు మోడ్‌లో ఆడాలనిపించినప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఆ వలయం నిండడం మొదలైందంటే అంతా అయిపోయిందని కాదు, జనం తగ్గగానే అది వెనక్కి పోతుంది. పాజ్‌లో ఉండగా గడియారం నడవదు కానీ మీ వేలు పనిచేస్తుంది. ఒక కాఫీ తాగి వచ్చి కూడా ఆలోచించుకోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. ఈ ఆట చూసి నోటు పుస్తకం నిండా లైన్లు గీస్తున్నాడు. తిట్టాలా, ఊరుకోవాలా?

ఇంకో నోటు పుస్తకం కొనివ్వండమ్మా. ఫోన్‌కి మాత్రం టైమ్ పెట్టండి, అది ఏ ఆటకైనా తప్పదు. కాగితం మీద గీస్తున్నాడంటే ఫోన్ పక్కన పెట్టాక కూడా వాడి బుర్రలో ఆ పని నడుస్తోందన్నమాట. కుదిరితే పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి: ఈ చివర స్టేషన్ నుంచి ఆ చివరికి వెళ్లాలంటే ఎన్నిసార్లు మారాలి? వాడే లెక్కపెట్టి, వాడే రబ్బరు తీసుకుంటాడు.

ప్రశ్న: నా సమస్య విచిత్రంగా ఉంటుందేమో. మొదట్లో ఎంతో ఆలోచించి అందంగా గీసిన లైన్లని తర్వాత మార్చాలంటే చెయ్యి రాదు. అక్కడో స్టేషన్ ఇక్కడో స్టేషన్ తగిలించి నెట్టుకొస్తాను. ఎప్పుడూ ఒకే స్కోర్ దగ్గర ఆగిపోతున్నాను.

విచిత్రం ఏమీ లేదు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే దగ్గరగా తగిలింది మీదే, ఎందుకంటే నేనూ అక్కడే చాలా రోజులు ఇరుక్కున్నాను. లండన్ మ్యాప్‌లో నది ఒడ్డునే సాగే ఒక ఎర్ర లైన్ గీసేదాన్ని, చూడ్డానికి ఎంత బాగుండేదో. మూడో వారానికి బాగానే ఉండేది. ఎనిమిదో వారానికి దాని రెండు చివరలకీ కొత్త స్టేషన్లు తగిలించీ తగిలించీ అది మ్యాప్ ఈ మూల నుంచి ఆ మూలకి పాకేది, రైలు ఒక చివర నుంచి బయల్దేరితే తిరిగొచ్చేసరికి అక్కడ జనం నిండిపోయేవారు. తప్పు లైన్‌ది కాదు. మూడో వారం నగరానికి అది సరైన లైనే, ఆ నగరం ఇప్పుడు లేదు.

బూజు ప్రయోగం గురించి చదివాక నేను చేసుకున్న పద్ధతి చెబుతాను. మూడు వారాలకోసారి, ఆదివారం ఇచ్చినది తీసుకోగానే, పాజ్ చేస్తాను. ఏ స్టేషనూ నిండిపోకపోయినా సరే చేస్తాను, నిజానికి ఏదీ నిండనప్పుడే ఇది చేయాలి, మంటలు లేచాక ఇల్లు సర్దలేం. లైన్లన్నీ చూసి, ఈరోజే ఈ నగరం నా చేతికిస్తే దీన్ని ఇలాగే గీస్తానా అని ఒక్కో లైన్‌ని అడుగుతాను. గీయను అనిపించిన దాన్ని మొత్తం లాగేస్తాను. సగం మార్చడం కంటే మొత్తం తీసి మళ్లీ గీయడమే తేలిక, సగం మారిస్తే పాత ఆకారం మీద మమకారం ఉండనే ఉంటుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి, రైలు ఇంకా ఆ ముక్క మీద ఉంటే అది తర్వాతి స్టేషన్ చేరేదాకా పాత గీత నీడలా ఉండిపోతుంది, అందులో సొరంగం ఉంటే అదీ అప్పటిదాకా మీ చేతికి తిరిగి రాదు. అందుకని రెండు లైన్లు ఒకేసారి పీకేయకండి, ఒకటి కుదురుకున్నాక ఇంకోటి.

మొదటిసారి చేసినప్పుడు భయంగానే ఉంటుంది. ఒకటి రెండు రోజులు జనం పెరుగుతారు కూడా, ఎందుకంటే రైళ్లు కొత్త దారికి అలవాటు పడాలి. ఓపిక పట్టండి. మూడో రోజుకి తగ్గడం మొదలవుతుంది.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి ముందు నా పాత ఆట తెరిచాను, పన్నెండో వారంలో ఆగి ఉంది, ఆ ఎర్ర లైన్ ఇంకా ఉంది. తీసేశాను. దాని బదులు నదికి ఇవతల ఒక పొట్టి లైన్, అవతల ఒకటి గీసి, రెంటినీ నక్షత్రం దగ్గర కలిపాను. నక్షత్రం పక్కన ఏడుగురు నిలబడి ఉన్నారు. మొదట వచ్చిన రైలుకి నలుగురు ఎక్కారు, రెండోది వచ్చేసరికి స్టేషన్ ఖాళీ అయింది.